ఖైదీ పేరు ఉంది, పిల్లల పేర్లేవీ?

ఒమన్ రాజధాని మస్కట్‌లోని మత్రాలో పనిచేసే మనిషి అరెస్టయితే ఆ కబురు ఊళ్లో ఉన్న అతని ఇంటికి ఎలా చేరుతుంది? చాలాసార్లు, నెల మొదటి వారంలో రావలసిన డబ్బు రాకపోవడంతో చేరుతుంది. జీతాలు పడ్డాక రూవీలో, మత్రా సూక్ దగ్గర ఎక్స్ఛేంజీ కౌంటర్ల ముందు కట్టే వరసలో ఒకడు తగ్గితే జగిత్యాల పక్క పల్లెలోనో, కోనసీమలోనో ఒక ఇంట్లో డ్వాక్రా వాయిదా ఆగిపోతుంది. రెండు రోజులు ఇమో యాప్‌లో రింగు పోతూనే ఉంటుంది. మూడో రోజు ఫోను స్విచాఫ్. వారం తిరిగాక తెలియని నంబరు నుంచి ఒక కాల్ వస్తుంది.

ఆ కాల్ చేసేది రూమ్మేట్. హమ్రియాలోనో వాదీ కబీర్‌లోనో ఆరేడుగురు పడుకునే గదిలో పక్క మంచం మనిషి. ఏ ఠాణాలో పెట్టారో, కేసు ఏమిటో అతనికీ సరిగా తెలియదు. "పోలీసోళ్లు తీస్కపోయిన్రు వదినా, నాలుగు రోజులల్ల వస్తడు తీ" అని ధైర్యం చెబుతాడు. నాలుగు రోజులు నాలుగు నెలలవుతాయి. అరెస్టయినవాడి పెట్టె మంచం కింద ఉంటుంది. కొన్నాళ్లు మంచం అద్దె మిగతావాళ్లు పంచుకుంటారు, తర్వాత ఆ మంచం మీదికి ఇంకొకడు వస్తాడు. ఊళ్లో ఉన్న భార్యాపిల్లలకు ఒమన్‌లో సమాచారం ఇచ్చే కార్యాలయం, సంక్షేమ అధికారి, లాయరు గుమస్తా అన్నీ ఈ రూమ్మేటే. అతని వీసా ముగిసి ఇంటికి వెళ్లిపోతే ఆ దారీ మూసుకుపోతుంది.

జైలుకు వెళ్లిన వలస కార్మికుడి గురించి మన దగ్గర ఎంతో కొంత మాట్లాడుకుంటాం. అతన్ని విడిపించాలని వినతిపత్రాలు ఇస్తాం, క్షమాభిక్ష వార్త కోసం ఎదురుచూస్తాం. అతని పిల్లల సంగతి మాత్రం ఏ దస్త్రంలోనూ ఉండదు. ఒమన్ పోలీసు దగ్గర ఖైదీ పేరుంటుంది, పాస్‌పోర్టు నంబరు ఉంటుంది. ఎంబసీ దగ్గర అతని కేసు ఉంటుంది. హైదరాబాద్‌లో, అమరావతిలో ప్రవాసుల కోసం పెట్టిన విభాగాల దగ్గర, ఎవరైనా వెళ్లి ఇస్తే, ఒక అర్జీ ఉంటుంది. అతనికి ఎందరు పిల్లలు, ఏ వయసువాళ్లు, ఏ బడిలో చదువుతున్నారు, నాన్న ఎక్కడున్నాడని వాళ్లకు ఎవరైనా చెప్పారా అన్న నాలుగు ప్రశ్నలు అడగడం ఈ మూడు చోట్లా ఎవరి పనీ కాదు. సాయం ఎంత ఇవ్వాలన్న చర్చ తర్వాతిది. ముందు ఆ ప్రశ్నలు అడిగే బాధ్యత ఒకరి మీద పెట్టాలి. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ప్రధానంగా ఇదే.

ఇది దయాధర్మానికి సంబంధించిన విషయం అనుకుంటే పొరపాటు. ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో తొమ్మిదో అధికరణం నాలుగో భాగం చాలా సూటిగా ఉంటుంది. ప్రభుత్వం తీసుకున్న చర్య వల్ల, అంటే నిర్బంధం, జైలు, దేశబహిష్కరణ వంటి వాటివల్ల, బిడ్డ తల్లికో తండ్రికో దూరమైతే, అడిగినప్పుడు ఆ మనిషి ఎక్కడున్నాడో అవసరమైన సమాచారం కుటుంబానికి ఇవ్వవలసిన బాధ్యత ఆ ప్రభుత్వానిదే. ఆ సమాచారం బిడ్డకు హాని చేస్తుందనుకుంటే తప్ప మినహాయింపు లేదు. భారత్ 1992లో, ఒమన్ 1996లో ఈ ఒడంబడికలో చేరాయి. 2014లో ఒమన్ తనకంటూ బాలల చట్టం కూడా తెచ్చుకుంది. కనుక జగిత్యాల పక్క పల్లెలో తొమ్మిదేళ్ల పిల్ల "మా నాయిన యాడున్నడు?" అని అడిగితే, జవాబు చెప్పే పూచీని అతన్ని నిర్బంధించిన ఒమన్ రాతపూర్వకంగా తీసుకుంది. చిక్కల్లా ఆ 'అడిగినప్పుడు' అన్న మాట దగ్గరే ఉంది. ఎవరిని అడగాలి, ఏ భాషలో అడగాలి, ఏ నంబరుకు ఫోను చేయాలి అన్నది ఆ ఇంట్లో ఒక్కరికీ తెలియదు.

విదేశీ జైళ్లలో ఉన్న భారతీయుల సంఖ్యను విదేశాంగ శాఖ పార్లమెంటుకు చెబుతూ ఉంటుంది. 2025 మార్చిలో చెప్పిన లెక్క 10,152. అందులో దాదాపు సగం మంది సౌదీ, యూఏఈ జైళ్లలోనే ఉన్నారు. ఒమన్ వాటా వాటితో పోలిస్తే చిన్నది. ఈ లెక్కకూ ఒక పరిమితి ఉంది. చాలా దేశాల్లో గోప్యతా చట్టాల వల్ల ఖైదీ స్వయంగా ఒప్పుకుంటే తప్ప వివరాలు ఇవ్వరని విదేశాంగ శాఖే చెబుతుంది. 1963 నాటి వియన్నా కాన్సులర్ ఒప్పందం 36వ అధికరణం ప్రకారం కూడా అరెస్టయిన విదేశీయుడు కోరితేనే అతని ఎంబసీకి కబురు చేస్తారు. కోరే హక్కు ఉందని అతనికి చెప్పాలన్నది నియమం. అరబ్బీ రాని, ఇంగ్లిషు చదవలేని మనిషి భయంతో వణుకుతూ సంతకం పెట్టే కాగితాల్లో ఆ హక్కు ఎంతవరకు అర్థమవుతుందో ఊహించుకోవచ్చు. పైగా మనవాళ్లలో చాలామంది ఎంబసీకి చెప్పొద్దనే అంటారు. చెబితే ఊరికి తెలుస్తుంది, పరువు పోతుంది, అప్పులవాళ్లు ఇంటి మీదికి వస్తారు అన్న భయం. ఆ భయంలో అర్థం లేకపోలేదు. కానీ దాని ఖరీదు కట్టేది ఊళ్లో ఉన్న పిల్లలు.

మత్రా విలాయత్ అంటే కార్నిష్, కోట, చేపల మార్కెట్ మాత్రమే కాదు. రూవీ, దార్సైత్, హమ్రియా, వాదీ కబీర్ కూడా దీని కిందికే వస్తాయి. మస్కట్ నగరంలో భారతీయులు ఎక్కువగా కనబడే పేటలివి. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపు నుంచి వచ్చి భవన నిర్మాణంలో, క్లీనింగ్ కంపెనీల్లో పనిచేసేవాళ్లు, గోదావరి జిల్లాల నుంచి, కడప వైపు నుంచి ఇళ్లలో పనికి వచ్చిన ఆడవాళ్లు, డ్రైవర్లు, వంటవాళ్లు, చిన్న దుకాణాలు పెట్టుకున్నవాళ్లు, అకౌంటెంట్లు, ఇంజనీర్లు అందరూ ఉంటారు. వీళ్లు జైలుకు వెళ్లే దారులు కూడా రకరకాలు. అర్బాబ్‌తో, అంటే యజమానితో, గొడవపడి కంపెనీ వదిలేసి బయట పనిచేసేవాణ్ని మనవాళ్లు 'ఖల్లివెల్లి' అంటారు. వాడు పట్టుబడితే తిప్పి పంపించేదాకా నిర్బంధంలో ఉంటాడు. ఇంకొకడు దోస్తు తీసుకున్న అప్పుకు జామీను సంతకం పెడతాడు, దోస్తు విమానం ఎక్కేస్తాడు. ఇంకొకడు ఊరి నుంచి వస్తుంటే ఎవరో మందుల పొట్లం అని చేతిలో పెట్టింది ఎయిర్‌పోర్టులో విప్పితే మత్తు మాత్రలవుతాయి. రోడ్డు ప్రమాదంలో మనిషి చనిపోతే దియా సొమ్ము, అంటే చనిపోయినవాడి కుటుంబానికి ఇచ్చే పరిహారం, తేలేదాకా కేసు నడుస్తుంది. లైసెన్సు లేకుండా మందు అమ్మినవాళ్లు, కొట్లాటలో కత్తి ఎత్తినవాళ్లు, నిజంగానే దొంగతనం చేసినవాళ్లు కూడా ఉన్నారు. అందరూ అమాయకులే అన్న వాదన నాది కాదు. నేరం చేసినవాడికి కూడా పిల్లలుంటారు, శిక్ష వేసిన కోర్టు ఆ పిల్లలకు శిక్ష వేయలేదు అన్నంతవరకే నా మాట.

ఈ విషయంలో ఒమన్ తన పౌరుల కోసం చేసిన పని మనం గమనించదగ్గది. 1984 నాటి ఒమన్ సామాజిక భద్రతా చట్టం ఎవరెవరికి నెలవారీ సాయం అందాలో వర్గాలుగా చెప్పింది. అనాథలు, వితంతువులు, విడాకులు పొందినవాళ్లు, వృద్ధులు, వికలాంగులు, వీళ్లతో పాటు ఖైదీల కుటుంబాలు. ఇంటి సంపాదనపరుణ్ని రాజ్యం తీసుకెళ్లినప్పుడు ఆ ఇంటి పొయ్యి సంగతి కూడా రాజ్యమే చూడాలన్న ఆలోచన నలభై ఏళ్ల కిందటే ఆ చట్టంలోకి ఎక్కింది. 2023లో సామాజిక రక్షణ వ్యవస్థను మొత్తం మార్చి కొత్త చట్టం తెచ్చారు. అంతకుముందు 2012లో ఒమన్ న్యాయవాదుల సంఘం 'ఫక్ కుర్బా' అనే కార్యక్రమం మొదలుపెట్టింది. అప్పులు, బకాయిలు కట్టలేక జైలుకు వెళ్లినవాళ్ల బాకీలు ప్రజల విరాళాలతో చెల్లించి వాళ్లను ఇంటికి పంపడం దాని పని. ఎవరి అప్పు తీరిందో బయటికి చెప్పరు. రంజాన్ నెలలో చాలామంది పనిగట్టుకుని దీనికి ఇస్తారు. ఎవరి పరువూ తీయకుండా ఒక తండ్రిని ఇంటికి చేర్చే పద్ధతి ఇది. మన సంఘాలు అన్నదానాలకు, ఉగాది సభలకు ఖర్చు పెట్టేటప్పుడు ఈ పద్ధతిని ఒక్కసారి దగ్గరగా చూడాలి.

మన దేశంలో ఈ అంశం మీద వచ్చిన పెద్ద తీర్పుకు మన రాష్ట్రం పేరే ఉంది. ఆర్.డి. ఉపాధ్యాయ్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, 2006 ఏప్రిల్ 13. తల్లితో పాటు జైల్లో ఉన్న పిల్లల్ని ఖైదీలుగా చూడకూడదని, ఆరేళ్ల వయసు వరకు తల్లి దగ్గర ఉంచవచ్చని, వాళ్లకు వేరే తిండి, వైద్యం, బాలవాడి ఉండాలని, జైలు గోడల మధ్య పుట్టిన బిడ్డ జనన ధ్రువపత్రంలో జైలు పేరు పుట్టిన ఊరుగా ఉండకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. చివరి మాట ఒక్కటి చాలు, ఆ న్యాయమూర్తులు ఆ బిడ్డ ఇరవై ఏళ్ల తర్వాత ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకునే రోజును కూడా ఆలోచించారని చెప్పడానికి. కానీ ఆ తీర్పు చూపు జైలు గేటు లోపల ఉన్న పిల్లల మీదే ఆగింది. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కలూ అక్కడే ఆగుతాయి. 2022 చివరికి దేశంలోని జైళ్లలో తల్లులతో పాటు ఉన్న పిల్లలు 1,764 మంది అని ఆ నివేదిక చెబుతుంది. అదే రోజుకు జైళ్లలో ఉన్న ఖైదీలు 5,73,220 మంది, వాళ్లలో నాలుగింట మూడొంతులు ఇంకా విచారణ ఎదుర్కొంటున్నవాళ్లే. ఈ అయిదున్నర లక్షల పైచిలుకు మందికి బయట ఎందరు పిల్లలున్నారో ఆ నివేదికలో ఎక్కడా లేదు. స్వదేశంలో గోడ అవతల ఉన్న పిల్లల్నే లెక్కపెట్టని వ్యవస్థ, సముద్రం అవతల జైల్లో ఉన్నవాడి పిల్లల్ని లెక్కపెడుతుందా?

గల్ఫ్ కార్మికుల విషయంలో తెలంగాణ ప్రభుత్వం 2024లో మెచ్చుకోదగ్గ అడుగులు వేసింది. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు రూ. 5 లక్షల సాయం ప్రకటించింది. గల్ఫ్ కార్మికుల పిల్లలకు గురుకులాల్లో ప్రాధాన్యం ఇస్తామంది. హైదరాబాద్ ప్రజాభవన్‌లో ప్రవాసీ ప్రజావాణి మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో ఏపీఎన్ఆర్టీ సొసైటీ, ప్రవాసాంధ్ర భరోసా బీమా ఉన్నాయి. కేంద్రం ఇచ్చే ప్రవాసీ భారతీయ బీమా యోజనలో ప్రమాద మరణానికి రూ. 10 లక్షలు, ఉద్యోగ వివాదాల్లో న్యాయ ఖర్చులకు రూ. 45,000 వరకు ఇస్తారు. వీటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి బయటపడుతుంది. సాయమంతా ప్రధానంగా చావు చుట్టూ అల్లుకుని ఉంది. శవపేటిక వస్తే ఒక దస్త్రం కదులుతుంది. మనిషి బతికి ఉండి, పదేళ్లు జైల్లో ఉండి, పైసా పంపలేకపోతే కదిలే దస్త్రం లేదు. అతని భార్య వితంతువు కాదు కనుక ఆ పింఛను రాదు. భర్త వదిలేసిన మనిషి కూడా కాదు. రేషన్ కార్డులో ఇంటి యజమాని గల్ఫ్‌లో ఉన్నట్టే ఉంటుంది, ఊళ్లో వాళ్ల దృష్టిలో గల్ఫ్ డబ్బు వస్తున్న ఇల్లే. అప్పు ఇచ్చినవాడు మిత్తి లెక్క కడుతూనే ఉంటాడు.

తండ్రి చావు, తండ్రి జైలు, ఈ రెండింటిలో పిల్లల మనసు మీద ఏది ఎక్కువ దెబ్బ కొడుతుందన్న ప్రశ్నకు పరిశోధన నుంచి ఒక జవాబు ఉంది. దక్షిణ లండన్‌లో 1953 ప్రాంతంలో పుట్టిన 411 మంది అబ్బాయిల జీవితాలను కేంబ్రిడ్జి పరిశోధకులు దశాబ్దాల పాటు గమనించారు. ఆ సమాచారాన్ని తీసుకుని జోసెఫ్ మర్రే, డేవిడ్ ఫారింగ్టన్ 2005లో ఒక విశ్లేషణ చేశారు. చిన్నతనంలో తల్లిదండ్రులు జైలుకు వెళ్లడం వల్ల దూరమైన పిల్లల్ని, మరణం వల్లనో ఆసుపత్రి వల్లనో దూరమైన పిల్లలతో పోల్చారు. పెద్దయ్యాక చెడు దారుల్లో పడటం జైలు వల్ల విడిపోయిన పిల్లల్లోనే ఎక్కువగా కనబడింది. చావుకు ఊరు వచ్చి పరామర్శిస్తుంది, పదకొండో రోజు బంధువులు కూర్చుని పిల్లల బాగోగులు మాట్లాడతారు. జైలుకు అలాంటి తంతు లేదు. ఇంటికి వచ్చేవాళ్లు తగ్గుతారు. లండన్ అబ్బాయిల లెక్కను గుడ్డిగా మన పల్లెలకు అంటగట్టకూడదు, నిజమే. అయినా చనిపోయినవాడి పిల్లలకు సాయం ఉండి, జైల్లో ఉన్నవాడి పిల్లలకు లేకపోవడం సరైన క్రమం కాదని చెప్పడానికి అది చాలినంత కారణం.

సిరిసిల్ల ప్రాంతం నుంచి దుబాయ్ వెళ్లిన అయిదుగురి కథ తెలుగువాళ్లకు తెలిసిందే. ఒక నేపాలీ కాపలాదారు హత్య కేసులో 2005 నుంచి జైల్లో ఉండిపోయారు. దియా పద్ధతిలో హతుడి కుటుంబం క్షమిస్తే శిక్ష తగ్గే అవకాశం ఉంది కనుక సిరిసిల్ల ఎమ్మెల్యే కె. తారకరామారావు నేపాల్ వెళ్లి ఆ కుటుంబాన్ని కలిశారు, రూ. 15 లక్షలు అందజేశారు, క్షమాపణ పత్రం వచ్చింది. అది వచ్చాక కూడా విడుదలకు ఏళ్లు పట్టింది. వాళ్లలో కొందరు 2024 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో దిగారు. పద్దెనిమిదేళ్లు. అరెస్టు నాటికి చంకలో ఉన్న బిడ్డ ఓటరు అయ్యేంత కాలం. ఎయిర్‌పోర్టు ఫొటోలు పత్రికల నిండా వచ్చాయి, రావలసిందే. కానీ ఆ పద్దెనిమిదేళ్లలో ఆ అయిదు ఇళ్లలో పిల్లల ఫీజులు ఎవరు కట్టారు, ఎవరు చదువు మానేశారు, ఎవరు పనికి కుదిరారు అన్నది రికార్డు చేసే బాధ్యత ఏ శాఖ మీదా లేదు. ఈ కథలో ఇంకో కుటుంబం కూడా ఉంది. నేపాల్‌లో ఆ కాపలాదారు ఇల్లు. అతనూ ఇంటికి డబ్బు పంపడానికే దుబాయ్ వెళ్లినవాడు. క్షమించమని అడిగినప్పుడు ఆ ఇల్లు మోసిన బరువును కూడా మనం మరచిపోకూడదు.

ఊళ్లో ఉన్న పిల్లల పరిస్థితి అది. మత్రాలోనే తండ్రితో కలిసి ఉంటున్న పిల్లల సంగతి వేరు. దార్సైత్‌లో రెండు గదుల ఫ్లాటు, భర్తకు చిన్న ట్రేడింగ్ వ్యాపారం, ఇద్దరు పిల్లలు ఇండియన్ స్కూల్లో అనుకోండి. ఇచ్చిన చెక్కు చెల్లలేదు, కేసయింది, ఆయన లోపలికి వెళ్లాడు. భార్యాపిల్లల వీసా ఆయన రెసిడెంట్ కార్డు మీద ఆధారపడింది. ఆ కార్డు గడువు తీరితే పునరుద్ధరించేవాళ్లు ఉండరు. నిన్నటిదాకా బడికి వెళ్లిన పిల్లలు కాగితాల్లో అక్రమ నివాసులవుతారు. బ్యాంకు ఖాతా స్తంభిస్తుంది, అద్దె బకాయి పడుతుంది, ఫీజు బకాయి పడుతుంది. బకాయి తీరందే టీసీ రాదు, టీసీ లేందే విజయవాడలో బడిలో చేర్చడం కష్టం. తల్లి ముందు రెండే దారులు: పిల్లల్ని తీసుకుని వెళ్లిపోవడం, అంటే భర్తను సమాయిల్ జైల్లో ఒంటరిగా వదిలేయడం; లేదా ఉండిపోవడం, అంటే రోజురోజుకూ జరిమానా పెంచుకోవడం. అప్పుడప్పుడు ఒమన్ ప్రభుత్వం గడువు దాటినవాళ్లకు జరిమానాలు మాఫీ చేసి వెళ్లిపోయే వెసులుబాటు ఇస్తుంది. 2020 చివర్లో ఇచ్చింది, 2025లోనూ ఇచ్చింది. కానీ ఆ తేదీల కోసం పిల్లల చదువు ఆగదు కదా. దేశంలో ఇరవైకి పైగా ఇండియన్ స్కూళ్లున్నాయి. తండ్రో తల్లో నిర్బంధంలో ఉన్న పిల్లల టీసీని బకాయి కోసం ఆపకూడదని, ఆ విద్యా సంవత్సరం పూర్తయ్యేదాకా తరగతిలో కూర్చోనివ్వాలని వాటి యాజమాన్య మండలి ఒక్క తీర్మానం చేస్తే చాలు. దానికి రెండు దేశాల ఒప్పందం అక్కర్లేదు.

పిల్లలకు ఏం చెప్పాలన్నది అన్నిటికన్నా కష్టమైన సంగతి, అందరూ దాటవేసేదీ అదే. "నాయిన డ్యూటీల ఉన్నడు, ఫోన్ తీస్కపోనియ్యరట" అని అమ్మ చెబుతుంది. మొదట్లో పిల్ల నమ్ముతుంది. పండక్కి కూడా ఫోను రాకపోతే అనుమానిస్తుంది. ఏదో ఒక రోజు బడిలో ఇంకో పిల్లవాడు "మీ నాయిన జైల్ల ఉన్నడంట గదా" అంటాడు. ఆ రోజు ఆ పిల్ల రెండు దెబ్బలు తింటుంది. తండ్రి జైల్లో ఉన్నాడన్నది ఒకటి, అమ్మ తనతో అబద్ధం చెప్పిందన్నది రెండోది. పిల్లల మనస్తత్వం తెలిసినవాళ్లు వయసుకు తగ్గ మాటల్లో నిజమే చెప్పమంటారు. నాన్న ఒక తప్పు చేశాడనో, తప్పు చేశాడని అంటున్నారనో, కొన్నాళ్లు అక్కడే ఉండాలని, అది నీ వల్ల జరిగింది కాదని, నీ మీద ప్రేమ తగ్గలేదని. అమెరికాలో పిల్లల టీవీ కార్యక్రమం సెసమీ స్ట్రీట్ 2013లో ఈ పనికోసమే అలెక్స్ అనే బొమ్మ పాత్రను తయారుచేసింది. వాడి నాన్న జైల్లో ఉంటాడు, స్నేహితులకు చెప్పడానికి వాడు మొహమాటపడతాడు. లక్షల మంది పిల్లల అనుభవం తెర మీద కనబడింది. అంగన్‌వాడీ టీచరుకు, గురుకులం వార్డెన్‌కు ఇలాంటి పిల్లలతో ఎలా మాట్లాడాలో తెలుగులో పది పేజీల పుస్తకం ఒకటి ఉంటే మన పల్లెల్లో ఎంత ఉపయోగమో.

"పంట పోయి ఉరేసుకున్న రైతు పిల్లలకే సరిగా దిక్కులేదు, జైలుకు పోయినవాడి పిల్లలకు ఖర్చు పెట్టమంటారా?" అని అడిగేవాళ్లుంటారు. ప్రశ్న న్యాయమైనదే. అయితే ఇక్కడ కావలసిన డబ్బు చాలావరకు ఇప్పటికే ఉన్న పద్దుల్లోనే ఉంది. మిషన్ వాత్సల్య కింద కుటుంబంలోనే ఉంటున్న కష్టాల్లోని పిల్లలకు నెలకు రూ. 4,000 స్పాన్సర్‌షిప్ ఇస్తారు. పల్లెల్లో ఏడాదికి రూ. 72,000, పట్టణాల్లో రూ. 96,000 లోపు ఆదాయం ఉన్న కుటుంబాలు అర్హులు. ఆర్థికంగా, శారీరకంగా పిల్లల్ని చూసుకోలేని స్థితిలో ఉన్న తల్లిదండ్రుల పిల్లలు ఆ పథకం పరిధిలోకి వస్తారు. ఒమన్ జైల్లో ఉన్న తండ్రి అంతకన్నా మెరుగైన స్థితిలో ఉన్నాడా? విదేశీ జైల్లో ఉన్నా ఈ నిర్వచనం వర్తిస్తుందని, ఎంబసీ ఇచ్చే కాగితాన్ని రుజువుగా తీసుకోవాలని రెండు రాష్ట్రాల మహిళా శిశు సంక్షేమ శాఖలు చెరొక సర్క్యులర్ ఇస్తే జిల్లా బాలల సంరక్షణ విభాగాలకు తడబాటు ఉండదు. గురుకులం సీటుకూ ఇదే కాగితం పనికిరావాలి. ఢిల్లీ ప్రభుత్వం 2014లోనే జైల్లో ఉన్నవాళ్ల పిల్లల పోషణకు, చదువుకు ప్రత్యేక పథకం పెట్టింది. కేరళ ఖైదీల పిల్లల చదువుకు సాయం చేస్తుంది, గల్ఫ్‌లో చిక్కుకున్న మలయాళీలకు తన ప్రవాసుల విభాగం నోర్కా ద్వారా న్యాయ సలహా అందిస్తుంది. తెలుగు రాష్ట్రాలు కొత్తగా కనిపెట్టవలసింది పెద్దగా ఏమీ లేదు.

అన్నిటికీ మూలం ఆ కాగితం. అది పుట్టవలసింది మస్కట్‌లో, అల్ ఖువైర్‌లోని మన ఎంబసీలో. జైలుకు వెళ్లి ఖైదీని కలిసే కాన్సులర్ అధికారి చేతిలో ఉండే ఫారంలో పిల్లల కోసం ఒక గడి ఉండాలి: పేర్లు, వయసులు, బడి, ఇప్పుడు ఎవరి దగ్గర ఉన్నారు, వాళ్లకు నిజం తెలుసా, ఎవరికి ఫోను చేయమంటావు. ఖైదీ ఒప్పుకుంటే ఆ వివరాలు 2015 నుంచి ఉన్న విదేశాంగ శాఖ ఫిర్యాదుల పోర్టల్ మదద్ ద్వారా నేరుగా సంబంధిత జిల్లాకు వెళ్లాలి. ఊళ్లో తల్లి సైబర్ కేఫ్ చుట్టూ తిరిగి ఇంగ్లిషులో ఫిర్యాదు నింపే పని ఉండకూడదు. భారతీయ సమాజ సంక్షేమ నిధి నిబంధనలను 2017లో సవరించాక చిన్న జరిమానాలు కట్టి ఖైదీని విడిపించడానికి కూడా ఆ నిధి వాడవచ్చు. అలాంటి కేసుల్లో పిల్లలున్నవాళ్లకు మొదటి వరస ఇవ్వడం అన్యాయం కాదు. పెద్ద శిక్ష పడ్డవాళ్ల విషయంలో నెలకు ఒకసారైనా తండ్రి గొంతు పిల్లలకు వినిపించాలి. మన జైళ్లలో ఈ-ములాఖత్ పేరుతో వీడియోలో మాట్లాడే ఏర్పాటు నడుస్తోంది. ఎంబసీ మధ్యవర్తిగా ఉండి, సమాయిల్ జైలుకూ జగిత్యాల కలెక్టరేట్‌లో ఒక గదికీ మధ్య అలాంటిదే కుదిర్చే ప్రయత్నం రెండు దేశాల చర్చల్లో ఒక అంశం కావాలి. ఖైదీల విషయంలో ఐక్యరాజ్యసమితి పెట్టిన మండేలా నియమాలు ఖైదీకి కుటుంబంతో మాట్లాడే హక్కు ఉందంటాయి. సముద్రం అడ్డంగా ఉన్న కుటుంబానికి ఆ హక్కు అందే దారి ఇదొక్కటే.

ఎంబసీ క్రమంగా నిర్వహించే ఓపెన్‌హౌస్‌లో పాస్‌పోర్టు, జీతం బకాయి, అవుట్‌పాస్ గురించి అడిగేవాళ్లు వస్తూనే ఉంటారు. మత్రాలోని తెలుగు సంఘాలు వంతులు వేసుకుని ప్రతి సమావేశానికీ ఒకరిని పంపాలి, నిర్బంధంలో ఉన్నవాళ్ల పిల్లల విషయం అడిగించాలి. హమ్రియాలో ఖాళీ అయిన మంచం ఎవరిదో ముందు తెలిసేది సంఘాలకు కాదు, రూమ్మేట్లకు. కాబట్టి రూమ్మేట్ ధైర్యంగా ఫోను చేయడానికి ఒక నంబరు, తెలుగులో మాట్లాడే ఒక మనిషి కావాలి. ఖైదీ దగ్గరికి వెళ్లే అధికారి కూడా ఒక సంగతి గుర్తుంచుకోవాలి. మొదటిసారి అడిగినప్పుడు చాలామంది తండ్రులు సిగ్గుతో "ఇంటికి చెప్పొద్దు సార్" అంటారు. ఆ మాటను తుది నిర్ణయంగా రాసుకుని దస్త్రం మూయకూడదు. రెండు నెలల తర్వాత మళ్లీ వెళ్లి అదే ప్రశ్న మళ్లీ అడగాలి.